గడ్డను వెలిగించడమా, చుట్టూ చీకటి చేయడమా?

కణితుల స్కానింగులో నానో పదార్థాలు: ఒక సమీక్ష

కణితులను స్కానింగులో స్పష్టంగా పట్టుకోవడానికి నానో పదార్థాలు వాడాలన్న ఆలోచన మీద గత ముప్పై ఏళ్లలో వచ్చిన పరిశోధనలను ఒక్కచోట పేర్చి చూస్తే వింతగా ఉంటుంది. పత్రాల్లో అచ్చయిన బొమ్మలో ఎలుక ఒంట్లోని గడ్డ చిచ్చుబుడ్డిలా వెలుగుతుంటుంది. ఆస్పత్రి స్కానింగు గదిలోకి వెళ్తే మాత్రం సీటీకి అదే అయోడిన్ మందు, ఎమ్మారైకి అదే గడోలినియం, పెట్ స్కానుకు అదే రేడియోధార్మిక చక్కెర. ఈ రెండు గదుల మధ్య దూరం ఎందుకు తగ్గలేదన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒక వర్గం ఇంకొంచెం ఓపిక పట్టమంటోంది. ఇంకో వర్గం మొదటి లెక్కే తప్పిందంటోంది. మూడో వర్గం పెద్దగా మాట్లాడకుండా ఒక చిన్న పనికి నానో కణాలను వాడుకుంటూ పోతోంది. ముందే చెప్పాలంటే, ఈ వ్యాసం మొగ్గు ఆ మూడో వర్గం వైపే.

జగిత్యాల, కోరుట్ల నడుమ ఉన్న మేడిపల్లి లాంటి ఊరి నుంచి చూస్తే ఈ ప్రశ్నకు ఇంకో కోణం కలుస్తుంది. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన మనిషి జగిత్యాలకో కరీంనగర్‌కో వెళ్లి, అక్కణ్నుంచి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి చేరడం ఈ ప్రాంతానికి పాత సంగతే. 2022 నవంబరులో జగిత్యాలలో, 2023 సెప్టెంబరులో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. కాబట్టి ఏ స్కాను ఎంత గొప్పదన్న దానితోపాటు, ఏ స్కాను ఎక్కడిదాకా రాగలదని కూడా అడగాలి.

కాంట్రాస్టు మందు చేసే పని

మన జనం 'మందు ఎక్కించి తీసే స్కాన్' అంటారు. మాట సరైనదే. గడ్డకూ చుట్టూ ఉన్న కండకూ సాంద్రతలోనో నీటి శాతంలోనో తేడా తక్కువైతే యంత్రం రెండింటినీ ఒకే బూడిద రంగులో చూపిస్తుంది. నరంలోకి ఎక్కించిన మందు ఆ తేడాను పెంచుతుంది. సీటీలో అయోడిన్ ఎక్స్‌రేలను అడ్డుకుంటుంది. ఎమ్మారైలో గడోలినియం తన పక్కనున్న నీటి అణువుల అయస్కాంత ప్రవర్తనను మారుస్తుంది. రెండూ చిన్న అణువులే. నిమిషాల్లో ఒళ్లంతా తిరిగి, గంటల్లో మూత్రంలో బయటికి పోతాయి. అదే వాటి సుగుణం, అదే వాటి లోపం. గడ్డలోకి ఎంత తేలిగ్గా వెళ్తాయో పక్క కండలోకీ అంత తేలిగ్గా వెళ్తాయి.

నానో కణం అంటే స్థూలంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య పరిమాణం ఉన్నది. నానోమీటరు మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఈ పరిమాణంలో ఒక్కో కణం వేల అణువులను మోయగలదు, పైపూత మార్చుకోగలదు, రక్తంలో ఎక్కువసేపు తిరగగలదు. ఆశ అక్కడ పుట్టింది. చిక్కు కూడా అక్కడే ఉంది, ఎందుకంటే ఆ సైజు పరాయి వస్తువును శరీరం ఊరికే తిరగనివ్వదు. కాలేయంలో, ప్లీహంలో, లింఫ్ గ్రంథుల్లో మాక్రోఫేజ్‌లనే కాపలా కణాలు ఉంటాయి. దారిన పోయే అనుమానాస్పద రేణువును మింగేయడమే వాటి ఉద్యోగం. ఈ మాక్రోఫేజ్‌ను శత్రువుగా చూడాలా, పనివాడిగా వాడుకోవాలా అన్న దగ్గరే ఈ రంగంలోని దారులు చీలిపోయాయి.

పేరు పుట్టకముందే జరిగిన తప్పు

నానో అనే మాట వైద్యంలోకి రాకముందే ఒక నానో కాంట్రాస్టు మందు ప్రపంచమంతా తిరిగింది. దాని పేరు థోరోట్రాస్ట్. థోరియం డయాక్సైడ్ సూక్ష్మ రేణువులను ద్రవంలో తేల్చి తయారుచేశారు. 1930ల నుంచి 1950ల దాకా రక్తనాళాలు, కాలేయం, ప్లీహం ఎక్స్‌రేలో కనిపించడానికి దాన్ని ఎక్కించారు. బొమ్మలు అద్భుతంగా వచ్చేవి. ఎక్కించిన వెంటనే రోగికి పెద్దగా బాధ ఉండేది కాదు. కాలేయంలోని మాక్రోఫేజ్‌లు ఆ రేణువులను మింగి దాచిపెట్టుకున్నాయి, బయటికి పంపలేకపోయాయి. థోరియం రేడియోధార్మిక పదార్థం. ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత ఆ మనుషుల్లో కాలేయ క్యాన్సర్లు బయటపడ్డాయి. క్యాన్సర్‌ను చూపించాల్సిన పనిముట్టే క్యాన్సర్‌ను నాటిందన్నమాట.

ఇంత పాత కథ ఎందుకంటే, ఆ తర్వాత వచ్చిన ప్రతి నానో కణానికీ నియంత్రణ సంస్థలు వేసే మొదటి ప్రశ్న ఇక్కణ్నుంచే వచ్చింది: లోపలికి వెళ్లింది సరే, బయటికి ఎప్పుడొస్తుంది? కొత్త తరం పత్రాల్లో చాలావాటికి ఈ ప్రశ్న చివరి పేరాలో గుర్తొస్తుంది.

ఇనుము: నల్లబరిచి చూపించే పద్ధతి

1980, 90లలో ఐరన్ ఆక్సైడ్ కణాలు రంగంలోకి వచ్చాయి. డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసును పైపూతగా పూసిన ఇనుప రేణువులివి. ఎమ్మారైలో ఇవి చేరిన చోటు నల్లబడుతుంది. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఫెరిడెక్స్ కాలేయం కోసం చేసినది. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో మాక్రోఫేజ్‌లు ఉంటాయి కాబట్టి అవి ఇనుమును మింగుతాయి, కాలేయం నల్లబడుతుంది. వేరే అవయవం నుంచి పాకి వచ్చిన గడ్డలో ఆ కాపలా కణాలు ఉండవు కాబట్టి అది తెల్లగా మిగిలిపోతుంది.

ఇక్కడ నానో కణం గడ్డ జోలికే పోలేదు. గడ్డ కానిదాన్ని గుర్తుపట్టింది. ఈ తలకిందుల తర్కం ఎంత ఉపయోగపడిందో తర్వాతి దశలో తేలింది.

ఫెరుమాక్స్‌ట్రాన్ అనే ఇంకా చిన్న ఇనుప కణం రక్తంలో ఎక్కువసేపు తిరిగి లింఫ్ గ్రంథులదాకా చేరేది. మామూలు స్కానులో లింఫ్ గ్రంథి పెద్దదైతేనే అనుమానిస్తారు. చిన్న గ్రంథిలో నాలుగు క్యాన్సర్ కణాల గుంపు దాక్కుంటే సీటీకీ మామూలు ఎమ్మారైకీ తెలియదు. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో హరిసింఘాని, బారెంట్స్, వైస్‌లెడర్ తదితరులు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 80 మందిని పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. తీసి పరీక్షించిన 334 గ్రంథుల్లో 63లో క్యాన్సర్ ఉంది. ఆ 63లో 45, అంటే 71.4 శాతం, మామూలు కొలతల ప్రకారం అనుమానించాల్సినవే కావు. గ్రంథి గ్రంథికీ లెక్కేస్తే మామూలు ఎమ్మారై 35.4 శాతం క్యాన్సర్ గ్రంథులను పట్టుకుంటే ఇనుము ఎక్కించాక 90.5 శాతం పట్టుకుంది. కణితి నానో ఇమేజింగ్ చరిత్రలో మనుషుల మీద వచ్చిన ఇంత బలమైన ఫలితాలు చాలా తక్కువ.

అయినా ఆ మందు మార్కెట్‌కు రాలేదు. 2005లో అమెరికా సలహా సంఘం విస్తృత అనుమతికి ఒప్పుకోలేదు. యూరప్‌లో 2007లో దరఖాస్తును వెనక్కి తీసుకున్నారు. ఒక క్యాన్సర్‌లో పనిచేసినంత మాత్రాన అన్నింట్లోనూ పనిచేస్తుందా అన్న సందేహం న్యాయమైనదే. వాడుకలో ఇబ్బందీ ఉంది: మందు ఎక్కించి, ఒక రోజు ఆగి, మళ్లీ స్కాను తీయాలి. ఫెరిడెక్స్ కూడా 2008లో ఆగిపోయింది. దాన్ని అరగంట పాటు మెల్లగా ఎక్కించాలి, కొందరికి నడుం నొప్పి వచ్చేది. అదే సమయానికి కాలేయ కణాలు పీల్చుకునే కొత్త గడోలినియం మందులు వచ్చి, తక్కువ హడావిడితో అదే పని చేయసాగాయి. సైన్సు ఓడిపోలేదు, వ్యాపారం ఓడిపోయింది. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ ఆస్పత్రిలో బారెంట్స్ బృందం ఫెరుమాక్స్‌ట్రాన్‌ను మళ్లీ తయారు చేయించి వాడకానికి తెచ్చింది. అంతలో ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీది పీఎస్ఎంఏ అనే ప్రొటీన్‌కు అతుక్కునే మందుతో తీసే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ వచ్చి ఆ రంగాన్ని ఆక్రమించింది. దానిలో వాడేది చిన్న అణువే, నానో కాదు.

కారే గోడల సిద్ధాంతం

రెండో దారి జపాన్‌లో మొదలైంది. 1986లో మట్సుమురా, మయెదా ఒక పరిశీలన ప్రకటించారు. హడావిడిగా పెరిగే గడ్డ తన రక్తనాళాలను కూడా హడావిడిగానే కట్టుకుంటుంది, గోడల్లో సందులు మిగులుతాయి. పెద్ద అణువులు ఆ సందుల్లోంచి కారి గడ్డలోకి వెళ్తాయి. వాటిని తోడేసే లింఫ్ కాలువలు గడ్డలో సరిగా ఉండవు కాబట్టి అక్కడే నిలిచిపోతాయి. ఈపీఆర్ అన్న పొట్టి పేరుతో ఇది నానో వైద్యానికంతటికీ పునాదిరాయి అయింది. ఇక కావలసిందల్లా రక్తంలో ఎక్కువసేపు తిరిగే కణం, మాక్రోఫేజ్‌ల కంటపడకుండా పాలిథిలీన్ గ్లైకాల్ ముసుగు.

దీని మీద ఎన్నో మేడలు లేచాయి. 2004లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో షుమింగ్ నీ బృందం క్వాంటమ్ డాట్లనే మెరిసే నానో చుక్కలతో ఎలుకలోని ప్రోస్టేట్ కణితిని వెలిగించింది. ఆ చుక్కల సైన్సుకు 2023లో బావెండీ, బ్రూస్, ఎకిమోవ్‌లకు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది కూడా. కాని వాటిలో ముఖ్యమైనవి కాడ్మియంతో చేసినవి. కాడ్మియం మూత్రపిండాలకు విషం. టీవీ తెరల్లో బాగానే ఉన్నాయి, మనిషి నరంలోకి ఎక్కించడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

సీటీ కోసం బంగారాన్ని తెచ్చారు. 2006లో హెయిన్‌ఫెల్డ్ బృందం 1.9 నానోమీటర్ల బంగారు కణాలను ఎలుకలకు ఎక్కించి రక్తనాళాలను స్పష్టంగా చూపింది. బంగారం పరమాణు సంఖ్య 79, అయోడిన్‌ది 53. ఎక్స్‌రేల శక్తి 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకే బరువుకు బంగారం సుమారు 2.7 రెట్లు బాగా అడ్డుపడుతుంది. ఇంతవరకూ బాగుంది. పెద్దవాళ్లకు ఒక సీటీకి 30 గ్రాముల దాకా అయోడిన్ వెళ్తుంది. అదే ప్రభావం బంగారంతో రావాలంటే 11 గ్రాములకు పైనే కావాలి. అంటే ఒక్క స్కానుకు తులం! గడ్డ మీదే ఎక్కువగా చేరేలా చేస్తే ఈ లెక్క తగ్గుతుందని బంగారం వైపువాళ్లు అంటారు. తగ్గుతుంది కూడా. కాని సీటీ స్వభావతః మందకొడి చూపు గలది, మిల్లీగ్రాములతో దానికి కన్ను కనిపించదు.

ఇనుముతో పోల్చితే తేడా తెలుస్తుంది. ఫెరుమాక్స్‌ట్రాన్ మోతాదు కిలో బరువుకు 2.6 మిల్లీగ్రాముల ఇనుము. అరవై కిలోల మనిషికి దాదాపు 156 మిల్లీగ్రాములు. మన ఒంట్లో ఇప్పటికే మూడు, నాలుగు గ్రాముల ఇనుము ఉంది. వచ్చిన కొత్త ఇనుమును శరీరం రక్తంలో కలిపేసుకోగలదు. బంగారాన్ని ఏం చేసుకోవాలో దానికి తెలియదు. కాలేయంలో బీరువాలో పెట్టినట్టు పెట్టుకుంటుంది.

0.7 శాతం మీద తగువు

2016లో టొరంటోలో వారెన్ చాన్ బృందం అప్పటికి పదేళ్లలో అచ్చయిన 117 పత్రాలను కలిపి లెక్కకట్టింది. ఎక్కించిన నానో కణాల్లో గడ్డకు చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. అంటే వెయ్యి కణాలు బయలుదేరితే ఏడు చేరతాయి. మిగతావి చాలావరకు కాలేయం, ప్లీహం పాలు. రంగమంతా కుదిపేసిన అంకె ఇది.

ఎదురువాదం 2020లో వచ్చింది. ప్రైస్, జాంబోని తదితరులు అదే సమాచారాన్ని మందుల శాస్త్రంలో వాడే మామూలు కొలతలతో మళ్లీ లెక్కేశారు. మొత్తం మోతాదులో ఎంత శాతం చేరిందని కాక, రక్తంలోని మందుతో పోలిస్తే కాలక్రమంలో గడ్డకు ఎంత తగిలిందని చూడాలన్నారు. అలా చూస్తే పరిస్థితి అంత ఘోరం కాదు. గడ్డ ఎలుక ఒంట్లో కొద్ది భాగమే, దానికి వంద శాతం చేరాలని ఆశించడమే అసంబద్ధమన్నారు. మందు విషయంలో ఈ వాదనకు బలముంది. బొమ్మ విషయంలో కాస్త తక్కువ. స్కానులో కావలసింది గడ్డకు ఎంత చేరిందన్నదే కాదు, చుట్టుపక్కలతో పోలిస్తే ఎంత తేడా వచ్చిందన్నది. పక్కనే కాలేయం వెలుగుతుంటే గడ్డలోని చిన్న దీపం కనబడదు.

అదే ఏడాది చాన్ బృందమే ఇంకో దెబ్బ వేసింది. సింధ్వానీ తదితరులు కణితి రక్తనాళాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి సందుల కోసం వెతికారు. కనబడిన సందులు ఆ మోతాదు కణాలను దాటించడానికి ఏ మూలకూ చాలవు. గడ్డలోకి వెళ్లిన కణాల్లో 97 శాతం దాకా రక్తనాళ గోడ కణాలే పనిగట్టుకుని మోసుకెళ్లినవని వాళ్ల వాదన. మూడు దశాబ్దాలు కారే గోడల మీద కట్టుకున్న మేడకు ఇది పునాదిలో పగులు. అలాగని మయెదా చూసింది అబద్ధమనడానికి లేదు. ఎలుకలో వారాల్లో పెరిగే గడ్డ వేరు, మనిషిలో ఏళ్లు పెరిగిన గడ్డ వేరు. రేడియోధార్మిక రాగిని తగిలించిన లైపోసోములనే కొవ్వు బుడగలను రొమ్ము క్యాన్సర్ రోగులకు ఎక్కించి పెట్ స్కాను తీసిన 2017 నాటి అధ్యయనంలో చేరిక మనిషి మనిషికీ మారింది, ఒకే మనిషిలో గడ్డ గడ్డకూ మారింది. ఈపీఆర్ ఉందా లేదా అని కాక, ఎవరిలో ఉంది అని అడగడం నేర్పింది ఆ అధ్యయనం.

ఆ ప్రశ్న నుంచే ఒక ఉపయోగకరమైన శాఖ పుట్టింది. ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప నానో మందు 2009లో రక్తహీనత కోసం అనుమతి పొందింది. దాన్ని ముందు ఎక్కించి ఎమ్మారైలో ఏ గడ్డ ఎంత పీల్చుకుందో చూసి, ఆ తర్వాత లైపోసోమ్ మందు ఎవరికి పనిచేస్తుందో అంచనా వేయవచ్చని రామనాథన్ తదితరుల చిన్న అధ్యయనం 2017లో సూచించింది. ఇక్కడ బొమ్మ పని గడ్డను కనిపెట్టడం కాదు, మందు దారి తెరిచి ఉందా లేదా అని చూడటం. పెద్ద పరీక్షల్లో నిలబడితే ఇది మంచి దారి.

చిరునామా రాసిన కణం, భీమవరం అణువు

కారే గోడల మీద నమ్మకం సడలినకొద్దీ కణం మీద చిరునామా రాయాలన్న ఆలోచన బలపడింది. క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే గ్రాహకానికి అతుక్కునే అణువును నానో కణానికి తగిలిస్తారు. అన్నిటికంటే ఎక్కువగా వాడిన చిరునామాల్లో ఒకటి ఫోలిక్ ఆమ్లం. అండాశయ క్యాన్సర్లలో చాలావాటి మీద ఫోలేట్ గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి.

ఈ అణువుకు తెలుగు చిరునామా కూడా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లో, 1945లో, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని పోలిన, దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు తాత్కాలికంగానైనా కళ్లెం వేశాడు. అప్పుడు క్యాన్సర్ కణపు ఫోలేట్ ఆకలిని చంపడానికి వాడుకున్నారు, ఇప్పుడు అదే ఆకలిని ఎరగా వాడుతున్నారు.

కథ మలుపు తిరిగేది ఇక్కడే. ఫోలేట్ ఎర నిజంగా ఆపరేషన్ గదికి చేరింది, కాని నానో కణం మీద ఎక్కి కాదు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ లో అనే శాస్త్రవేత్త పరిశోధనల నుంచి వచ్చిన పఫోలాసియానిన్‌లో ఫోలేట్‌కు నేరుగా ఒక మెరిసే రంగు అణువును తగిలించారు. 2021 నవంబరులో అండాశయ క్యాన్సర్ శస్త్రచికిత్సకు, మరుసటేడు ఊపిరితిత్తుల గడ్డలకు అమెరికాలో అనుమతి వచ్చింది. సర్జన్ కంటికి కనబడని చిన్న ముక్కలు పరారుణ కెమెరా కింద వెలుగుతాయి. పీఎస్ఎంఏ పెట్‌దీ అదే వరస. చిరునామా గొప్పదైతే బండి చిన్నదే చాలని ఈ రెండూ చూపించాయి.

పెద్ద బండికి రెండు అడ్డంకులు. మొదటిది, రక్తంలో దిగిన క్షణం నుంచి నానో కణం ఒంటికి ప్రొటీన్లు అంటుకుంటాయి. జాతరలో తిరిగొచ్చిన మనిషి ఒంటికి బుక్కాగులాల్ అంటినట్టు. కింద రాసిన చిరునామా కనబడకుండా పోతుంది. ట్రాన్స్‌ఫెరిన్‌ను చిరునామాగా తగిలించిన కణాలు ఇలాగే దారితప్పుతాయని 2013లో ప్రయోగం చూపింది. రెండోది, బయటికి పోయే దారి. 2007లో ఫ్రాంజియోనీ, బావెండీల పరిశోధన సుమారు 5.5 నానోమీటర్ల కంటే చిన్నవే మూత్రపిండాల జల్లెడ దాటగలవని తేల్చింది. అంతకు పెద్దవి కాలేయానికే.

ఈ గీతకు అటూ ఇటూగా నిలిచినవే మనుషులదాకా వచ్చాయి. కార్నెల్‌లో వీస్నర్ తయారుచేసిన ఆరేడు నానోమీటర్ల సిలికా 'సీ డాట్'లను మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరిన అయిదుగురికి ఎక్కించిన ఫలితాలు 2014లో వచ్చాయి. మూత్రంలో పోయాయి, హాని కనిపించలేదు. ఫ్రాన్స్‌లో లియోన్ పరిశోధకులు చేసిన ఆగ్విక్స్ కణంలో గడోలినియం ఉంటుంది. గ్రెనోబుల్‌లో మెదడుకు పాకిన క్యాన్సర్ ఉన్న 15 మందికి ఎక్కిస్తే గడ్డలు ఎమ్మారైలో కనిపించాయి, రేడియేషన్ ప్రభావాన్ని పెంచడానికీ అదే కణాన్ని పరీక్షిస్తున్నారు. ఇంత చిన్నగా చేశాక దాన్ని నానో అనాలా పెద్ద అణువు అనాలా అన్నది పండితుల తగువు.

హైదరాబాద్ ప్రయోగశాలలు

తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో చిత్తరంజన్ పాత్ర బృందం ఏళ్లుగా వెండి, బంగారం, ప్రష్యన్ బ్లూ కణాల మీద పనిచేస్తోంది. 2014లో థెరనోస్టిక్స్ పత్రికలో వచ్చిన వాళ్ల పరిశోధన ఒకటి ప్రత్యేకం. ఓలాక్స్ స్కాండెన్స్ అనే మొక్క ఆకుల రసంతో వెండి నానో కణాలు తయారుచేశారు. అవి బాక్టీరియాను అణచాయి, క్యాన్సర్ కణాలను చంపాయి, మామూలు కణాలతో సర్దుకుపోయాయి, కణాల లోపల ఎర్రగా మెరిశాయి. ఒకే కణం నాలుగు పనులు చేసిందన్నమాట. ఘాటు రసాయనాలు లేకుండా ఆకుతో చేయడం తెలివైన పనే. కాని ఆ మెరుపు కనిపించింది గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో. కంటికి కనబడే ఎర్రని వెలుగు చర్మం, కండ దాటి ఎక్కువ దూరం రాదు. లోతైన గడ్డను స్కాను చేయడానికి అది చాలదు. చర్మం పైన, నోటిలో, లేదా ఆపరేషన్‌లో తెరిచిన చోట ఉపయోగం ఉండొచ్చు. ఆకు రసంలో ఏ పదార్థం ఏ పాళ్లలో ఉందో ప్రతిసారీ ఒకేలా ఉంచడం ఫ్యాక్టరీకి పెద్ద పరీక్ష.

ఐఐటీ హైదరాబాద్‌లో అరవింద్ కుమార్ రంగన్ మరో కోణం నుంచి వచ్చారు. ఆయన ఐఐటీ బొంబాయిలో ఉండగా చేసిన, 2015లో నానో లెటర్స్‌లో వచ్చిన పని, కొవ్వు బుడగల మీద బంగారు పూత గురించి. పని ముగిశాక ఆ పూత చిన్న ముక్కలుగా విడిపోయి, కాలేయం, మూత్రపిండాల దారిన పోయేలా రూపొందించారు. ముఖ్య ఉద్దేశం పరారుణ కాంతితో గడ్డను వేడెక్కించి చంపడమే అయినా, బంగారానికి బయటికి దారి చూపించడం ఈ రంగంలో అందరూ చేయాల్సిన ఆలోచన. థోరోట్రాస్ట్ గుర్తున్న వాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

బొమ్మ, మందు రెండూ ఒకే కణంలో అన్న థెరనోస్టిక్ ఆకర్షణ మన దేశంలో బలంగా ఉంది. దాని మీద ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. బొమ్మకు తక్కువ మోతాదు, ఒక్కసారి చాలు. మందుకు ఎక్కువ మోతాదు, పదేపదే కావాలి. బొమ్మ కోసం కణం త్వరగా పోవాలి, మందు కోసం నిలవాలి. ఒకే కణానికి రెండు ఉద్యోగాలిస్తే రెండింటిలోనూ సగం పనే చేసే ప్రమాదం ఉంది. 2007లో మొదలైన కేంద్ర నానో మిషన్ పరిశోధనలకు ఊతమిచ్చింది. 2019లో బయోటెక్నాలజీ శాఖ, ఐసీఎంఆర్, ఔషధ నియంత్రణ సంస్థ కలిసి నానో మందుల మూల్యాంకనానికి మార్గదర్శకాలు తెచ్చాయి. వాటిలో పరిమాణం, పైపూత, శరీరంలో నిలిచే కాలం లాంటివి విడిగా పరీక్షించమన్నారు. నియమాలు వచ్చాయి కాబట్టి, ఆకు రసపు కణాలు కూడా ఇక ఆ జల్లెడ దాటాల్సిందే.

భద్రత

ఈ విషయంలో పోలిక ముఖ్యం. నానో కణాలకే కాదు, వాటి పోటీదారులకూ మచ్చలున్నాయి. మూత్రపిండాలు పాడైన రోగుల్లో గడోలినియం మందులు చర్మాన్ని, కీళ్లను గట్టిపరిచే జబ్బు తెస్తాయని 2006లో బయటపడింది. మందు పదేపదే ఎక్కించుకున్నవాళ్ల మెదడులో గడోలినియం జాడలు మిగులుతున్నాయని 2014లో జపాన్ వైద్యులు చెప్పారు. 2017లో యూరప్ కొన్ని రకాలను చాలావరకు పక్కనపెట్టింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు ఇనుము ప్రత్యామ్నాయం కాగలదన్న వాదన అక్కణ్నుంచి ఊపందుకుంది. కాని అంతకుముందే, 2015లో, ఫెరుమాక్సిటాల్ మీద కూడా ప్రాణాపాయ అలర్జీ గురించి అమెరికా తీవ్ర హెచ్చరిక అతికించింది. పలుచన చేసి మెల్లగా ఎక్కించాలన్నది ఇప్పటి నియమం.

మొత్తం మీద ఇనుముది అప్పటికప్పుడు వచ్చే ప్రమాదం, కళ్లముందే చూసి ఆపవచ్చు. కాడ్మియం, బంగారం, వెండిది మెల్లగా, కనబడకుండా పేరుకునే ప్రమాదం. సిలికా చిన్న కణాలకు మనుషుల్లో ఇప్పటిదాకా చరిత్ర బాగానే ఉంది, కాని ఎక్కించుకున్నవాళ్ల సంఖ్య చిన్నది.

చంక కింది బిళ్లలు

మళ్లీ మూడో వర్గం దగ్గరికి. రొమ్ము క్యాన్సర్ పాకేటప్పుడు సాధారణంగా ముందు చంక కింద లింఫ్ గ్రంథుల్లో చేరుతుంది. పల్లెల్లో 'బిళ్లలు కట్టినయ్' అంటారు. ఒకప్పుడు ఆపరేషన్‌లో ఆ గ్రంథులన్నీ తీసేసేవారు. దాని మూల్యం చేయి వాపు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టి బతికే ఆడవాళ్లకు చేయి వాచిందంటే కూలి పోయినట్టే. గడ్డ నుంచి వచ్చే లింఫ్ మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను, అంటే కావలి గ్రంథులను, గుర్తించి తీసి పరీక్షిస్తే, అవి శుభ్రంగా ఉన్నప్పుడు మిగతావాటి జోలికి పోనక్కరలేదు.

ఆ కావలి గ్రంథిని చూపించే పని దశాబ్దాలుగా చేస్తున్నది కూడా ఒక నానో పదార్థమే. టెక్నీషియం రేడియోధార్మికత తగిలించిన సల్ఫర్ లేదా అల్బుమిన్ కొల్లాయిడ్ అది. దాన్ని నానో అని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. రొమ్ములో ఇంజక్షన్ చేస్తే లింఫ్ కాలువల వెంట నడిచి మొదటి గ్రంథిలో మాక్రోఫేజ్‌లకు చిక్కుతుంది. 0.7 శాతం తగువు ఇక్కడ వర్తించదు. కణం గడ్డలోకి చొరబడాల్సిన పని లేదు. శరీరం తనకు అలవాటైన దారిన తీసుకెళ్లి, తనకు అలవాటైన పని చేస్తుంది.

చిక్కు సరఫరాలో ఉంది. టెక్నీషియం అర్ధాయువు ఆరు గంటలు. దాన్ని తయారుచేసే మాలిబ్డినం జనరేటర్, న్యూక్లియర్ మెడిసిన్ విభాగం, దానికి లైసెన్సు ఉండాలి. మహానగరం దాటితే ఇవి కలిసి దొరకడం కష్టం. దీనికి జవాబుగా వచ్చిందే అయస్కాంత పద్ధతి. ఐరన్ ఆక్సైడ్ కణాలను రొమ్ములో ఇంజక్షన్ చేసి, చేతిలో పట్టుకునే అయస్కాంత సాధనంతో గ్రంథిని వెతుకుతారు. 160 మంది మీద జరిగిన సెంటిమాగ్ బహుళ కేంద్ర పరీక్షలో పాత పద్ధతి 95 శాతం మందిలో, అయస్కాంత పద్ధతి 94.4 శాతం మందిలో కావలి గ్రంథిని పట్టుకున్నాయి. 2018లో అమెరికాలో మాగ్‌ట్రేస్ పేరుతో దీనికి అనుమతి వచ్చింది. ఇనుము గ్రంథిలో నిలిచే ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే ఇంజక్షన్ ఇవ్వొచ్చు. బస్సు తప్పిపోయి ఆపరేషన్ రెండు రోజులు వెనక్కిపోయినా కొంపలు మునగవు. ఇబ్బందులూ లేకపోలేదు. ఇంజక్షన్ చేసిన చోట చర్మం మీద గోధుమరంగు మచ్చ నెలల తరబడి ఉండొచ్చు. తర్వాత రొమ్ముకు ఎమ్మారై తీస్తే ఆ ఇనుము బొమ్మను చెడగొడుతుంది. స్టీలు పనిముట్ల పక్కన సాధనం తికమక పడుతుంది కాబట్టి సర్జన్ ప్లాస్టిక్ పనిముట్లు వాడాలి.

దీనికి పోటీ నానో కానిదే, ఇంకా చవకైనది. ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు ఫ్లోరసీన్, మెథిలీన్ బ్లూ రంగులను కలిపి నీలి దీపం కింద కావలి గ్రంథిని వెతికే పద్ధతిని పరీక్షించారు. ఫ్లోరసీన్ కంటి డాక్టర్లు వాడే పాత రంగే. రెండూ చిన్న అణువులు కాబట్టి మొదటి గ్రంథిలో ఆగకుండా ముందుకు జారిపోవచ్చు, సర్జన్ చేయి తిరిగి ఉండాలి. అయినా ఖర్చులో తేడా చాలా పెద్దది.

తేలనివి

పక్కపక్కన పెట్టి చూస్తే మూడు దారులూ ఒకే కొలతకు లొంగవు. గడ్డను వెలిగించే దారి ఊహలో అన్నిటికంటే ముందుంది, అనుమతుల్లో అన్నిటికంటే వెనక ఉంది. చిరునామా దారిలో ఫలితం దక్కింది కాని ఎక్కువగా చిన్న అణువులే తీసుకుపోయాయి. ఆరోగ్యమైన కణజాలాన్నీ లింఫ్ దారినీ గుర్తుపట్టే దారి ఊహలో సాదాసీదా, రోగి మంచం దగ్గర మాత్రం నిలబడింది. మాక్రోఫేజ్‌ను తప్పించుకోవాలని చూసినవాళ్లు ఇంకా ప్రయోగశాలలో ఉన్నారు. దానితో పొత్తు కుదుర్చుకున్నవాళ్లు ఆపరేషన్ గదిలో ఉన్నారు.

ఇంకా తేలాల్సినవి ఉన్నాయి. పీఎస్ఎంఏ పెట్‌కు అందని రెండు మూడు మిల్లీమీటర్ల గ్రంథులను ఫెరుమాక్స్‌ట్రాన్ పట్టుకోగలిగినా, అలా పట్టుకోవడం వల్ల రోగి ఎక్కువ కాలం బతుకుతాడా అన్నది వేరే ప్రశ్న. ఇమేజింగ్ పరిశోధన దాన్ని తరచూ దాటవేస్తుంది. ఇనుము పీల్చుకున్న గడ్డకే లైపోసోమ్ మందు అన్న ఎంపిక పద్ధతి పెద్ద పరీక్షల్లో నిలవాలి. రక్తనాళ గోడ కణాలే నానో కణాలను మోస్తాయన్న వాదన మనిషి గడ్డల్లోనూ నిజమైతే, కొత్త కణాలను సందుల కోసం కాక ఆ మోతకోసం రూపొందించాలి. ఆకు రసంతో చేసిన కణాల్లో ఒక్కో బ్యాచ్‌కూ తేడా లేకుండా చేయడం మన దగ్గరి రసాయన శాస్త్రవేత్తలు తేల్చాల్సిన పని.

జగిత్యాల, సిరిసిల్ల కళాశాలల ఆపరేషన్ గదులకు ఈ ప్రశ్నలన్నిటిలోకీ దగ్గరిది చంక కింది బిళ్లదే. న్యూక్లియర్ మెడిసిన్ లేని జిల్లా ఆస్పత్రిలో అయస్కాంత సాధనానికి పెట్టే డబ్బు, ఫ్లోరసీన్ సీసాకూ నీలి దీపానికీ పెట్టే డబ్బు కంటే ఎన్ని ఎక్కువ చేతులను వాపు నుంచి కాపాడుతుందో చెప్పే పోలిక పరీక్ష జరపడానికి కొత్త యంత్రం కనిపెట్టాల్సిన పని లేదు.